ఒకే పేరు, రెండు పేజీలు

నర్సుల రిజిస్ట్రేషను ఆఫీసులో ఆ పేరు గలవాళ్ళు ముగ్గురుండేవారు. వరండాలో నిలబడి ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిస్తే మూడు గదుల్లోంచి మూడు తలలు బయటికి వచ్చేవి. కొన్నాళ్ళు ఇంటిపేర్లు కలిపి పిలిచి చూశారు. నోరు తిరగక వదిలేశారు. చివరికి టైపు చేసే ఆవిడ టైపమ్మ అయింది. ఉత్తరాలు పంపే ఆవిడ తపాలక్క అయింది. రికార్డు గదిలో కూర్చునే ఈమె రికార్డక్క అయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అతికిన పేరు ఇరవై ఒక్క ఏళ్ళయినా ఊడలేదు. తర్వాత వచ్చినవాళ్ళలో చాలామందికి ఆమె అసలు పేరేమిటో తెలియనే తెలియదు.

ఇంట్లోనూ అదే తంతు. పెళ్ళై కాపురానికి వెళ్తే అత్తగారిదీ ఆ పేరే. సంబంధం మాట్లాడుకున్న రోజునే ఆ సంగతి తెలిసి అత్తగారు పగలబడి నవ్వింది. "మీ మామగారు ఆ పేరు పెట్టి కేకలేస్తే అవి నాకు. నువ్వు ఉలిక్కిపడకు" అని ధైర్యం చెప్పింది. ఒకసారి అత్తాకోడళ్ళిద్దరూ ఒకే రోజు రక్తపరీక్ష చేయించుకుంటే కాగితాలు తారుమారయ్యాయి. చక్కెర జబ్బు అత్తగారిదైతే, పదిహేను రోజులు చప్పటి టీ తాగింది కోడలు. డాక్టరు కనిపెట్టి సరిచేశాక అత్తగారు నిట్టూర్చి, "ఎంత హాయిగా గడిచాయే ఆ పదిహేను రోజులూ" అంది. ఈ కథ రికార్డక్క ఆఫీసులో చెప్పినప్పుడల్లా అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వేది. పేర్లు కలవడమంటే అప్పట్లో ఆమెకు నవ్వులాటే.

రికార్డు గది ఆఫీసు వెనకవైపు, మెట్లకి ఆనుకుని ఉంటుంది. ఒకే కిటికీ. నాలుగు వరసల ఇనప అరలు. వాటి నిండా గోధుమరంగు గుడ్డ అట్టల రిజిస్టర్లు. ఒక్కొక్కటి గుండెకి ఆనించి మొయ్యాల్సినంత బరువు. ప్రతి నర్సుకీ ఒక పేజీ. పైన నంబరు, దాని కింద పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన స్కూలు, చిరునామా, పనిచేసిన చోట్లు. అన్నిటికంటే అడుగున రిమార్కుల గడి. ఎవరి మీదైనా విచారణ జరిగి శిక్ష పడితే అది ఆ గడిలో రాస్తారు. నూటికి తొంభైతొమ్మిది పేజీల్లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉండటమే ఆ గడికి అందం.

ఏ పేరు ఏ పేజీలో ఉందో వెతుక్కోవడానికి వేరే పుస్తకం ఉంది. అందులో ఆమె పేరొక్కటే నాలుగు పేజీలు పట్టింది. ఆ పేరు గల నర్సులు నూట పన్నెండు మంది. ఒకామె ముప్పయ్యేళ్ళు ఆపరేషను గదిలోనే పనిచేసి రిటైరైంది. ఒకామె జైలు ఆసుపత్రిలో నర్సు. ఒకామె ఓడలో నర్సుగా దేశాలన్నీ తిరిగింది. ఒకామె నంబరు తీసుకున్న నాలుగో నెలలోనే చనిపోయింది. వాళ్ళెవరినీ రికార్డక్క కళ్ళతో చూడలేదు గానీ, "అందరూ మా చుట్టాలే" అనేది. కౌంటరు దగ్గర ఎవరైనా ఆ పేరు చెబితే చాలు, చెయ్యి అడ్డం పెట్టేది.

"పేరొక్కటే చెబితే చాలదమ్మా. ఆ పేరుతో ఇక్కడ ఒక ఊరే ఉంది. మీ నాన్నగారి పేరు చెప్పండి, స్కూలు చెప్పండి. నంబరు గుర్తుంటే ఇంకా పుణ్యం."

అలాంటి మనిషికే జరిగింది ఈ సంగతి.

ఆ ఏడాది ఆఫీసు రిజిస్టర్లన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి జనం ముందు పెట్టారు. ఎవరైనా సరే, ఎక్కడి నుంచైనా సరే, ఒక నర్సు పేరు కొడితే ఆమె ఎక్కడ చదివింది, ఎక్కడెక్కడ పనిచేసింది, ఆమె మీద ఏదైనా చర్య ఉందా, అన్నీ కనిపిస్తాయి. మంచి పనే. దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు పదిమంది మొదటి నెలలోనే దొరికారు. రిజిస్ట్రారుగారు ఆ అంకె తన గది బయట బోర్డు మీద రాయించారు.

రెండో నెలలో ఒక ఉదయం, ఆఫీసు తలుపులు తీసీ తియ్యకముందే, ఒక నర్సు కౌంటరు దగ్గరికి వచ్చింది. నలభై నాలుగేళ్ళుంటాయి. వానలో తడిసిన గొడుగు మడిచి గోడకి ఆనించి, రెండు చేతులూ కౌంటరు మీద పెట్టి నిలబడింది. ఇరవై మూడేళ్ళుగా ఒక చిన్న ఆసుపత్రిలో పిల్లల వార్డు చూస్తోందట. అక్కడ ఇక పైకి ఎదిగే దారి లేక, పెద్ద ఆసుపత్రిలో హెడ్ నర్సు ఉద్యోగానికి పెట్టుకుంది. ఇంటర్వ్యూ అయింది, వచ్చి చేరమన్నారు. చేరడానికి నాలుగు రోజుల ముందు ఫోను చేసి వద్దన్నారు.

"నా మీద పాత కేసుందట. దాచిపెట్టానట" అంది ఆవిడ. "ఒక రోగి మందు ఇంకో రోగికిచ్చానట, ఆరు నెలలు రిజిస్ట్రేషను ఆపేశారట. అక్కా, నా చేతిలో ఏ రోజూ అలాంటిది జరగలేదు. మా పిల్లలకి దగ్గుమందు పొయ్యాలన్నా రెండుసార్లు సీసా చూసుకుంటాను."

ఆమె పేరు అడగక్కర్లేకపోయింది. నూట పన్నెండు మందిలో ఒకరు.

"కంగారు పడకండి" అంది రికార్డక్క. "ఎక్కించేవాళ్ళు ఎవరి వరసలోదో మీ వరసలో కొట్టేసి ఉంటారు. కంప్యూటరు రాకముందు పుస్తకం ఉంది కదా. ఇప్పుడే తెస్తాను, మీ కళ్ళతో మీరే చూద్దురు గాని."

రిజిస్టరు తెచ్చి కౌంటరు మీద పెట్టింది. నర్సమ్మ నంబరు చెప్పింది. పేజీ తిప్పింది. అడుగున గడి ఖాళీగా లేదు. నీలం సిరాతో రెండు వరసలు. మొదటి వరస: ఒక రోగికి ఇవ్వవలసిన ఇంజెక్షను మరొకరికి ఇచ్చిన కారణంగా ఆరు నెలలు సస్పెన్షను. రెండో వరస, ఆరు నెలల తర్వాతి తేదీతో: పునరుద్ధరించబడినది.

పద్దెనిమిదేళ్ళ కిందటి తేదీలు. అక్షరాలు గుండ్రంగా, వెనక్కి వాలినట్టుగా, ప్రతి వరస చివరా చిన్న గీతతో ఉన్నాయి. ఆ గీత ఆ ఆఫీసులో ఒక్కరే గీస్తారు. ఆ చేతిరాత రికార్డక్కదే.

నర్సమ్మ తలకిందులుగా చదవడానికి ప్రయత్నిస్తోంది.

"ఉందా?" అంది.

"ఉంది" అంది రికార్డక్క. "కానీ... నేను పాత ఫైలు చూడాలి. రెండు రోజులు ఆగండి. ఎల్లుండి పొద్దున్నే రండి."

ఆ గీత సంగతి చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేసింది.

పాత ఫైళ్ళ గది తాళం తీయించి, మధ్యాహ్నం భోజనం కూడా మానేసి వెతికితే, మూడు గంటలకి దొరికింది విచారణ ఫైలు. అందులో శిక్ష వేసిన ఆర్డరు ఉంది. నర్సు పేరుంది, తండ్రి పేరుంది, పనిచేసిన ఆసుపత్రి పేరుంది. రిజిస్టరు నంబరు లేదు. రికార్డక్క పేర్ల పుస్తకం పక్కన పెట్టుకుని వేలితో ఒక్కొక్క వరసే దిగింది. మూడో పేజీలో, పదకొండో వరసలో నర్సమ్మ. తండ్రి పేరు సరిపోయింది. వేలు ఇంకా కిందికి దిగింది. పదమూడో వరసలో ఇంకొకామె. అదే పేరు, తండ్రిదీ అదే పేరు, పుట్టిన ఏడాది ఒక్కటి తేడా. స్కూలు వేరు. ఆమె పేజీ తీసి చూస్తే పనిచేసిన చోటు అనే గడిలో ఆర్డరులోని ఆసుపత్రే ఉంది. రిమార్కుల గడి తెల్లగా ఉంది.

పదకొండో వరసలో తండ్రి పేరు కలవగానే తను ఆగిపోయింది. ఇంకో రెండు వరసలు దిగలేదు. జరిగింది అంతే.

ఫైలు అడుగున ఇంకోటి దొరికింది. అంటించిన కవరు, విప్పలేదు. ఫైల్లో ఉన్న నకలును బట్టి, అది రిజిస్ట్రేషను మళ్ళీ ఇస్తున్నామనే ఉత్తరం. నర్సమ్మ పేజీలో ఉన్న చిరునామాకి, అంటే ఆమె చదువుకున్న రోజుల్లో ఉన్న హాస్టలుకి వెళ్ళింది. అప్పటికే ఆమె హాస్టలు వదిలేసింది. "చిరునామాదారు లేరు" అని ముద్ర పడి వెనక్కొచ్చింది. ఎవరో దాన్ని ఫైలుకి గుచ్చి చేతులు దులుపుకున్నారు. అయిదేళ్ళకోసారి నర్సులకిచ్చే కార్డు మీద రిమార్కులు వెయ్యరు కాబట్టి, నర్సమ్మకి ఇన్నేళ్ళూ తన పేజీలో ఏముందో తెలిసే వీలు లేకపోయింది.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని రికార్డక్క ఆ రోజుని గుర్తు చేసుకోవాలని చూసింది. జ్వరం గానీ వచ్చిందా? ఇంట్లో ఏదైనా గొడవైందా? పిల్ల పుట్టి నిద్రలేని రోజులా? లెక్కేస్తే పిల్ల అప్పటికింకా పుట్టలేదు. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు కావొస్తోంది, కొత్త అని చెప్పుకోవడానికీ లేదు. ఏ కారణమూ దొరకలేదు. మామూలు రోజు, మామూలుగా చేసిన పని. అదే ఆమెకు మింగుడు పడలేదు.

ఇంట్లో మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఆయన అప్పుడే వచ్చి నూనె మరకలు కడుక్కుంటున్నాడు. విషయం విని, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"మా పనిలోనైతే తప్పు జరిగిన రోజే తెలిసిపోతుంది" అన్నాడు. "నీ పనిలో పద్దెనిమిదేళ్ళు పట్టింది. ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పెయ్యి."

అత్తగారు కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. వింటోందో లేదో తెలియలేదు. గిన్నె పక్కన పెట్టి అప్పుడంది.

"అది సరేనే. ఆ పేజీ తెల్లగా ఉన్న ఆవిడ సంగతేమిటి?"

"ఆవిడకేముంది అత్తయ్యా, ఆవిడ పేజీలో ఏమీ పడలేదుగా."

"ఆరు నెలల తర్వాత పనిలోకి రమ్మని రాసిన ఉత్తరం మీ దగ్గరే ఉంది కదా మరి. ఆవిడ పనిలోకి ఎలా వెళ్ళినట్టు?"

రికార్డక్క చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. రోజంతా ఫైలు ముందేసుకుని కూర్చున్న తనకి ఆ మాట తట్టలేదు. ఆ తెల్ల పేజీలో పనిచేసిన చోట్ల కింద ఆ ఒక్క ఆసుపత్రే ఉంది. తర్వాత ఒక్క వరస కూడా లేదు.

చెప్పిన రోజు పొద్దున్నే నర్సమ్మ వచ్చింది. రికార్డక్క ఆమెను లోపలికి పిలిచి, తన కుర్చీ పక్కన కూర్చోబెట్టి, ఫైలు ముందు పెట్టింది. నీళ్ళు నమలకుండా చెప్పింది.

"ఇది రాసింది నేనే. మీ పేరూ ఇంకొకావిడ పేరూ కలిశాయి, తండ్రుల పేర్లూ కలిశాయి. నేను నంబరు అడగకుండా రాసేశాను. సరిచేయిస్తాను. అందాకా ఆ పెద్ద ఆసుపత్రికి ఈ రోజే ఉత్తరం ఇప్పిస్తాను."

నర్సమ్మ ఆ రెండు వరసల్నీ చూసింది. ఆమె మొహంలో కోపం కంటే అలసట ఎక్కువ కనిపించింది.

"మా ఆయన నన్ను ఒక మాట అడిగాడక్కా" అంది. "నాకు చెప్పనివి ఇంకా ఏమైనా ఉన్నాయా అని. ఇరవయ్యేళ్ళ కాపురం తర్వాత అడిగాడు. ఆ ఉత్తరం ఆయనకి కూడా ఒకటివ్వండి."

రికార్డక్క ఉత్తరం రెండు ప్రతులు టైపు చేయించింది. టీ తెప్పించింది. నర్సమ్మ టీ తాగింది. ఫర్వాలేదు అని మాత్రం అనలేదు.

రిజిస్ట్రారుగారు చెడ్డవాడు కాదు గానీ, ఫైలు లావు కావడం ఆయనకి ఇష్టముండదు. "కంప్యూటరు ఎంట్రీలో లోపం అని రాసి సరిచేసేద్దాం. పద్దెనిమిదేళ్ళ కిందటి సంగతి ఇప్పుడెవరు అడుగుతారమ్మా?" అన్నారు.

"కంప్యూటరు తప్పేమీ లేదు సార్. పుస్తకంలో ఏముందో అదే ఎక్కించారు" అంది రికార్డక్క. "నా పొరపాటని రాయండి. రెండో ఆవిడకి నోటీసు ఇవ్వకుండా ఆ ఆర్డరు ఆవిడ పేజీలో రాయకూడదు. నోటీసు నేను తీసుకెళ్తాను."

"పోస్టులో పంపొచ్చుగా?"

"ఒకసారి పంపాం కదండీ" అంది ఆమె.

తెల్ల పేజీలోని చిరునామా పట్టుకుని ఆదివారం బయల్దేరింది. ఆ ఇంటి స్థానంలో ఇప్పుడు మూడంతస్తుల భవనం ఉంది. కింద తాళాలు బాగుచేసే ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు చెప్పి, ఇక్కడ ఒకప్పుడు ఉండేవారట అని అడిగింది.

"ఆ పేరుతో ఈ సందులోనే ముగ్గురున్నారమ్మా" అన్నాడాయన. "టీచరుగారా, మేడమీదావిడా, టైలరమ్మా?"

"నర్సు."

"నర్సెవరూ లేరు."

వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. ఏమనిపించిందో మళ్ళీ వచ్చి, "ఆ ముగ్గురిలో పెళ్ళి కాకుండా ఒంటరిగా..." అని మొదలుపెట్టి, అది తనకే తెలియని సంగతని గుర్తొచ్చి ఆపేసింది. "ఈ ఇల్లు పడగొట్టకముందు ఇక్కడున్నది ఎవరు?" అని అడిగింది.

"టైలరమ్మ వాళ్ళే. ఇప్పుడు ఆ మూల కొట్టు ఆవిడదే."

చిన్న కొట్టు. గోడకి తగిలించిన బట్టలు, ఒక మిషను, నేల మీద రంగురంగుల పీలికలు. నలభై అయిదేళ్ళావిడ మెడలో టేపు వేసుకుని కుడుతోంది. తల ఎత్తకుండానే, "కొలతలా, బిగుతు తగ్గించాలా?" అంది.

"నేను నర్సుల రిజిస్ట్రేషను ఆఫీసు నుంచి వచ్చానండీ."

మిషను ఆగింది. టైలరమ్మ లేచి, కొట్టు తలుపు ఒక రెక్క మూసింది. స్టూలు జరిపి, "కూర్చోండి" అంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకదానిలో ఒకటి ఇరికించుకుని నిలబడింది.

"ఇంకా ఏమైనా మిగిలిందా?" అని అడిగింది. "నేను ఆ పని మానేశానండీ. ఆరోజు నుంచీ ఎవరికీ ఒక మాత్ర కూడా ఇవ్వలేదు."

రికార్డక్క సంచిలోంచి పాత కవరు తీసి ఇచ్చింది. టైలరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, పెద్ద కత్తెర తీసుకుని అంచు కత్తిరించింది. ఉత్తరం ఒకసారి చదివింది. తేదీ దగ్గర వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"ఆరు నెలలకే ఇచ్చారా?" అంది.

"ఆ రోజే ఇచ్చారండీ."

"ఉత్తరం వచ్చేదాకా డ్యూటీకి రావద్దన్నారు ఆసుపత్రిలో. ఏడాది చూశాను. ఆగలేక మీ ఆఫీసుకే వచ్చాను. కౌంటరులో ఒక కళ్ళద్దాలాయన నా పేజీ తీసి చూసి, మీ పేరు మీద ఏ ఆర్డరూ లేదమ్మా అన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. ఏమీ లేదు, వెళ్ళిరండి అన్నాడు. ఇక నన్ను తీసుకోరని అర్థమైంది."

రికార్డక్క కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళద్దాలాయన ఆమెకు తెలుసు, ఎప్పుడో రిటైరైపోయాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. పేజీలో శిక్ష లేదు కాబట్టి ఏ ఆర్డరూ లేదన్నాడు. వినే ఆవిడకి కావలసింది మళ్ళీ రమ్మనే ఆర్డరు. ఒకే మాట ఆయన ఒకలా చెప్పాడు, ఈవిడ ఇంకోలా విన్నది.

"శిక్ష మీ పేజీలో రాయాల్సింది, వేరే ఆవిడ పేజీలో రాశాను" అంది రికార్డక్క. "అందుకే రెండో ఉత్తరం కూడా ఆవిడ చిరునామాకి పోయింది. రాసింది నేనేనండీ."

టైలరమ్మ మిషను ముందు కూర్చుంది. కాలు పెడల్ మీద పెట్టి, సగం కుట్టిన జాకెట్టు చేతిని సూది కిందకి తోసి, ఆ అంచు చివరిదాకా కుట్టేసింది. దారం తెంపింది. అప్పటిదాకా రికార్డక్క కదలకుండా కూర్చుంది.

"మిమ్మల్ని తిట్టాలనుంది" అంది టైలరమ్మ. "తిట్టడానికి మొహం చెల్లట్లేదు. నేను చేసిందేమిటో ఆ ఫైల్లో రాసుందా?"

"ఒకరి ఇంజెక్షను ఇంకొకరికని ఉంది."

"ఆరో మంచం మీదాయనకీ, తొమ్మిదో మంచం మీదాయనకీ ఒకటే పేరండీ. కేసు షీటు మీద పేరు చూసి ఇచ్చేశాను. మంచం నంబరు చూళ్ళేదు. ఆయన రెండు రోజులు మత్తుగా పడుకుని లేచి ఇంటికెళ్ళాడు. నేను మాత్రం లేవలేదు."

బయట ఎవరో వచ్చి, కొట్టు మూశారా అని అడిగితే, "సాయంత్రం రండి పిన్నీ" అని లోపల్నుంచే చెప్పింది టైలరమ్మ.

రికార్డక్క నోటీసు తీసింది. ఇప్పుడు ఆ శిక్ష ఈమె పేజీలోకి వస్తుందనీ, కంప్యూటర్లో అందరికీ కనిపిస్తుందనీ, అభ్యంతరం ఉంటే రాసివ్వొచ్చనీ చెప్పాల్సి వచ్చింది. ఆ మాటలు చెబుతుంటే ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇంత పోగొట్టుకున్న మనిషికి చేతిలో మచ్చ పెట్టి రావడానికా ఇంత దూరం వచ్చింది?

"రాయండి" అంది టైలరమ్మ. "అది నాదే. ఆవిడెవరో పాపం ఇన్నాళ్ళు మోసింది. కానీ సరిగ్గా రాయండి. ఆరు నెలలు అని రాయండి. మిగతాది నా తప్పు కాదు."

మర్నాడు రికార్డక్క దిద్దుబాటు కాగితం తనే తయారుచేసింది. ఆరు నెలల సస్పెన్షను, తర్వాత పునరుద్ధరణ, ఆఫీసు పొరపాటు వలన పునరుద్ధరణ ఉత్తరం పద్దెనిమిదేళ్ళు అందలేదు. రిజిస్ట్రారుగారు "ఆఫీసు పొరపాటు వలన" అన్న ముక్క కొట్టేసి పంపారు. ఆమె ఆ ముక్క మళ్ళీ చేర్చి పంపింది. ఆయన పిలిపించారు.

"జనమంతా చూసే చోట మన పరువు మనమే తీసుకుంటామా?"

"వాళ్ళ పరువు కూడా అక్కడే పోయింది కదా సార్" అంది ఆమె. "మీరు నా పేరు వేసి, ఈ గుమస్తా పొరపాటు వలన అని రాసినా నాకు అభ్యంతరం లేదు."

రిజిస్ట్రారుగారు ఆమెను చూశారు, కిటికీలోంచి బయటికి చూశారు, కలం మూత తీశారు. ఆ ముక్క ఉండిపోయింది. దానితోపాటు రికార్డక్క సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు ఎక్కింది. ఇరవై ఒక్క ఏళ్ళలో అదే మొదటిది. ఇంటికెళ్ళి ఆ సంగతి చెబితే అత్తగారు, "నీ పుస్తకంలోనే రాశారా? నీ పేరు గల ఇంకొకదాని పుస్తకంలో రాయలేదు కదా?" అంది. నవ్వకూడదనుకుంటూనే రికార్డక్క పక్కున నవ్వేసింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

నర్సమ్మ విషయం మూడు వారాల్లో తేలింది. ఆ హెడ్ నర్సు ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి వెళ్ళిపోయింది. పెద్ద ఆసుపత్రివాళ్ళు క్షమాపణ ఉత్తరం రాశారు. నాలుగు నెలలకి పిల్లల వార్డులో ఖాళీ వస్తే పిలిచి ఇచ్చారు. చేరేముందు ఆఫీసుకి వచ్చి, తన పేజీ మరోసారి చూపించమంది. గడిలో పాత వరసల మీద ఎర్రగీత, పక్కన సంతకం. "ఈ గీత కూడా లేకుండా ఉంటే బావుండేది" అంది. కుదరదని రికార్డక్క చెప్పింది. పుస్తకంలో దేన్నీ చెరపకూడదు, దిద్దాలంతే. నర్సమ్మ తల ఊపి వెళ్ళిపోయింది.

టైలరమ్మ రెండు నెలల పాటు కనిపించలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గర నిలబడి ఉంది, చేతిలో పూర్తిచేసిన ఫారంతో. ఇంతకాలం పనికి దూరంగా ఉన్నవాళ్ళు మళ్ళీ నర్సుగా చేరాలంటే నాలుగు నెలల శిక్షణ తీసుకోవాలి. దానికి దరఖాస్తు.

"ఈ వయసులో చిన్నపిల్లల మధ్య కూర్చుని ఏం చదువుతానో" అంది. "ఉత్తరం సొరుగులో పెట్టేశానండీ. దారపు ఉండ కోసం తీసినప్పుడల్లా కనిపిస్తోంది. చేస్తేనే గానీ మనసు ఊరుకునేట్టు లేదు."

శిక్షణలో ఆమె తోటివాళ్ళంతా ఆమెకు కూతుళ్ళ వయసువాళ్ళు. మొదట్లో పెద్దమ్మా అని పిలిచి వెనక నవ్వుకున్నారట. యూనిఫాంలు సరిచేయించుకోవాల్సి వచ్చాక చుట్టూ చేరారట. శిక్షణ అయ్యాక వృద్ధులుండే ఒక హోములో ఉదయం పూట డ్యూటీ దొరికింది. మధ్యాహ్నం నుంచి కొట్టు తెరుస్తుంది. కొట్టు మాత్రం వదల్లేదు. పద్దెనిమిదేళ్ళు అన్నం పెట్టింది అదేనంది. హోములో ఒక ముసలాయన, మాత్ర వేసే ముందు ఈవిడ ఆయన పేరు, గది, పుట్టిన తేదీ అన్నీ అడుగుతుంటే విసుక్కుని, "రోజూ చూసే మొహమేగా, ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అన్నాడట. "రోజూ ఒకసారి తాతగారూ" అందట ఈవిడ. రికార్డక్కకి ఫోనులో చెప్పి చాలాసేపు నవ్వింది. వాళ్ళిద్దరి మధ్యా స్నేహం అనదగింది అప్పటికి ఏర్పడింది, అయినా టైలరమ్మ ఆమెను ఏనాడూ తన ఇంటికి రమ్మనలేదు. రికార్డక్కా అడగలేదు.

ఆ తర్వాత ఆఫీసులో ఒక పద్ధతి వచ్చింది. నంబరు లేని ఆర్డరు ఏదైనా సరే, రికార్డు గది తీసుకోదు, తిప్పి పంపుతుంది. విచారణ విభాగంవాళ్ళు మొదట సణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. రికార్డక్క ఇంకో పని కూడా పెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. రిమార్కుల గడిలో ఏదైనా రాసి ఉన్న పేజీలన్నిటినీ వరసగా తీసి, ఒక్కొక్కదానికీ పాత ఆర్డరు వెతికి, ఆ మనిషి ఈ మనిషేనా అని సరిచూడటం. సాయంత్రం ఆఫీసు పనయ్యాక ఒక గంట కూర్చునేది. టైపమ్మ, తపాలక్క కొన్నాళ్ళు సాయం పట్టారు. పదమూడు నెలలు పట్టింది.

నాలుగు వందల పైచిలుకు పేజీల్లో ఇంకో రెండు తప్పులు దొరికాయి. ఒకటి ఆ కళ్ళద్దాలాయన చేతిరాత. ఆ నర్సుని పిలిపించి చూపిస్తే, నాకు ఆ సంగతే తెలియదే అని ఆశ్చర్యపోయి, సంతకం పెట్టి వెళ్ళింది. రెండోది మళ్ళీ రికార్డక్కదే. ఆ పేజీ ఎవరిదో ఆమె చనిపోయి ఆరేళ్ళయింది.

చనిపోయిన మనిషి పేజీ దిద్దినా దిద్దకపోయినా ఒకటేనని టైపమ్మ అంది. రికార్డక్క ఎర్రగీత గీసి, సంతకం చేయించి, ఆమె పిల్లల చిరునామా కనుక్కుని, మీ అమ్మగారి మీద నమోదైన చర్య ఆమెకు సంబంధించినది కాదని ఒక ఉత్తరం రాసింది. రిజిస్టర్డ్ పోస్టులో వేసింది. అందినట్టు రసీదు మీద సంతకం వచ్చింది. జవాబు రాలేదు. ఆమె రసీదుని ఆ ఫైలుకి గుచ్చి, అరలో పెట్టి, తర్వాతి రిజిస్టరు దించుకుంది.